వీధి చివరి రామెన్ కొట్టులో రెగ్యులర్ కస్టమర్ అవ్వడం ఎలా: టోక్యోలో ఉండే తెలుగువాళ్ళకు సమగ్ర మార్గదర్శి

నిషికసాయ్‌లో నేను అద్దెకుండే ఇంటికీ రైలు స్టేషన్‌కీ మధ్య ఒక రామెన్ కొట్టు ఉంది. రామెన్ అంటే వేడి పులుసులో వేసిచ్చే నూడుల్స్. ఒక పొడవాటి బల్ల, తొమ్మిది స్టూళ్ళు, పొయ్యి దగ్గర ఒకాయన, గిన్నెలు కడుగుతూ వడ్డించే ఆయన భార్య. అంతే ఆ కొట్టు. ఆరేళ్ళుగా వారానికోసారి వెళ్తున్నాను కాబట్టి అక్కడ తిన్న గిన్నెలు మూడు వందలకు దగ్గర్లో ఉంటాయి. ఆఫీసులో రోజు ఎలా గడిచినా, రాత్రి ఎనిమిదిన్నరకు గుమ్మానికి వేలాడే ఆ నీలం గుడ్డను తప్పించుకుని లోపలికి అడుగుపెడితే టెన్షన్ సగం దిగిపోతుంది.

ఇలా ఒక కొట్టుకి వాడుకగా వెళ్ళేవాళ్ళని జపాన్‌లో 'జోరెన్' అంటారు. కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు. భాష రాదు, లోపల ఎవరూ మాట్లాడరు, అందరూ పది నిమిషాల్లో తినేసి లేచిపోతారు, అలాంటి చోట మనల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు అని. గుర్తుపెట్టుకుంటారు. కాకపోతే దారి వేరు. మన ఊళ్ళో టిఫిన్ సెంటర్‌తో పరిచయం మాటతో మొదలవుతుంది. "అన్నా, చట్నీ కొంచెం ఎక్కువెయ్యి" అన్న రోజే సగం చుట్టరికం కలిసిపోతుంది. ఇక్కడ ముందు వాళ్ళ పనికి మనం అడ్డం కాకూడదు, తర్వాతే మాట. ఒక్క మనిషి తొమ్మిది మందికి వండుతున్నాడు. నూడుల్స్ అర నిమిషం ఎక్కువ ఉడికితే గిన్నె పాడవుతుంది. ఆ మనిషికి మనం ఎంత తేలిగ్గా ఉంటే అంత తొందరగా ఆ కొట్టు మనది అవుతుంది. నేను కింద చెప్పే మెట్లన్నీ దీని నుంచే వచ్చాయి.

మొదట మీ తిండి సంగతి తేల్చుకోండి

ఈ విషయంలో మొహమాటం వద్దు, ఆశ కూడా వద్దు. రామెన్ పైన పరిచే 'చాషూ' అనే మాంసం ముక్క ఎక్కువ చోట్ల పంది మాంసమే. 'తోన్‌కోత్సు' అంటే పంది ఎముకలను గంటల తరబడి మరిగించి తీసిన తెల్లటి చిక్కటి పులుసు. సోయా సాస్‌తో చేసే 'షోయు', ఉప్పుతో చేసే 'షియో', పులియబెట్టిన సోయా ముద్దతో చేసే 'మిసో' చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తాయి, కానీ వాటి అడుగున కూడా కోడి, పంది, ఎండు చేపలు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. "నికు నుకి" అంటే మాంసం లేకుండా అని అర్థం. అలా అడిగితే పైన ముక్క తీసేస్తారు గానీ పులుసు మారదు.

కాబట్టి పూర్తి శాకాహారులు మామూలు కొట్టుకి వెళ్ళి కూరగాయల పులుసుతో చేసి పెట్టమని అడగకండి. ఆ పులుసు పొద్దున్నే తయారైపోయింది. అది ఒక్కటే కుండ. మీరు అడిగితే ఆయన పాపం తల వంచి క్షమించమంటాడు, ఇద్దరికీ ఇబ్బంది. మీకు వేరే కొట్లున్నాయి. టోక్యో స్టేషన్ లోపలే ఉన్న 'టీస్ తాన్‌తాన్'లో అన్నీ జంతు పదార్థాలు లేని రామెన్‌లే. నువ్వుల ముద్దతో చేసిన అక్కడి పులుసు మన నాలుకకు బాగా నచ్చుతుంది. 'అఫురి' అనే గొలుసు కొట్లలో కూడా ఒక శాకాహార గిన్నె దొరుకుతుంది. అలాంటి చోటు మీ దారిలో ఉంటే అక్కడే జోరెన్ అవ్వండి, కింద చెప్పేవన్నీ చాలావరకు పనికొస్తాయి.

కోడి తిని పంది తిననివాళ్ళు 'తోరి పైతాన్' అని రాసి ఉన్న కొట్టు వెతకండి. కోడి ఎముకలను తెల్లగా అయ్యేదాకా మరిగించిన పులుసు అది. అక్కడ కూడా పైన ముక్క ఏమిటో, పులుసులో ఇంకేమైనా కలుస్తుందో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. ఇరవయ్యోసారి వెళ్ళినప్పుడు తెలిస్తే బాధ ఎక్కువ.

మొదటి మెట్టు: కొట్టు ఎంచుకోవడం

పేరున్న కొట్టు వద్దు. టోక్యోలో 'త్సుతా' అనే చిన్న కొట్టుకి 2015 చివర్లో మిషెలిన్ స్టార్ వచ్చింది. రామెన్‌కి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అలాంటి చోట్లకు తప్పకుండా వెళ్ళండి, తిని ఆనందించండి. కానీ రోజూ బయట వరస కట్టే జనంలో మీ మొహం ఎవరికీ గుర్తుండదు.

మీకు కావలసింది ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగే కొట్టు. ఇంకా బాగుండేది, ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో ఉన్నది. వానొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా వెళ్ళబుద్ధేసేంత దగ్గర్లో ఉండాలి. రుచి పదికి తొమ్మిది వచ్చే కొట్టు రెండు రైళ్ళు మారితే గానీ రానప్పుడు, వీధి చివర పదికి ఏడు వచ్చే కొట్టే మేలు. ఆ ఏడు కొన్నాళ్ళకు మీ నాలుకకు పది అవుతుంది. ఇది నా అనుభవం.

రెండోది, ప్రతిసారీ పొయ్యి దగ్గర అదే మనిషి ఉండాలి. గొలుసు కొట్లలో షిఫ్టుల్లో పనిచేసే పిల్లలు మూడు నెలలకోసారి మారిపోతారు. మూడోది, బల్ల పొయ్యి ఎదురుగా ఉండాలి. తినేవాడికి వండే మనిషి చేతులు కనిపించాలి, వండే మనిషికి తినేవాడి మొహం కనిపించాలి.

రామెన్ కొట్టు అనే బోర్డు లేని చోట్లు కూడా చూడండి. 'మాచి చూకా' అని పిలిచే పాతకాలపు వీధి చైనీస్ హోటళ్ళు ప్రతి పేటలో ఒకటో రెండో మిగిలి ఉన్నాయి. రామెన్ చరిత్ర కూడా అటువైపు నుంచే వచ్చింది. 1910లో అసకుసాలో తెరిచిన 'రైరైకెన్' అనే కొట్టు యొకోహామా చైనా టౌన్ నుంచి వంటవాళ్ళను తెచ్చుకుని ఈ నూడుల్స్‌ని మామూలు జనానికి అలవాటు చేసింది. మాచి చూకాలో షోయు రామెన్‌తో పాటు ఫ్రైడ్ రైస్, కజ్జికాయల్లా మడిచి వేయించే గ్యోజా, బీరు దొరుకుతాయి. ఎక్కువగా వయసు మళ్ళిన దంపతులు నడుపుతుంటారు. అక్కడ కాస్త కూర్చోవచ్చు, గోడ మీద టీవీ ఉంటుంది, మాట కలవడం సులువు. భాష కొంచెం వచ్చి, మనుషులు కావాలనుకునేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే.

ఒకటి మాత్రం మొదట్లో వద్దు. 1968లో మొదలై, తర్వాత కేయో విశ్వవిద్యాలయం విద్యార్థుల వల్ల పేరు తెచ్చుకున్న 'జిరో' తరహా కొట్లు. గుట్టగా క్యాబేజీ, మొలకలు, వెల్లుల్లి, లావు నూడుల్స్. అక్కడ ఎప్పుడు ఏం చెప్పాలో ఒక పద్ధతి ఉంటుంది, వాయి వాయిగా వండుతారు, ఒక వాయి వాళ్ళు దాదాపు ఒకేసారి తినడం ముగించాలి. ఆ లయ అందుకోవడానికి అనుభవం కావాలి.

రెండో మెట్టు: మొదటి రోజు

గుమ్మానికి గుడ్డ వేలాడుతుంటే కొట్టు తెరిచినట్టు. దాన్ని 'నోరెన్' అంటారు. లోపల లైట్లున్నా నోరెన్ బయట లేకపోతే తలుపు తీయకండి. చాలా కొట్లు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా మూస్తాయి. వారానికి ఒక సెలవు రోజు ఉంటుంది, అది తలుపు మీదే రాసి ఉంటుంది. పులుసు అయిపోతే వేళ కాకుండానే కట్టేస్తారు.

లోపలికి రాగానే టికెట్ మెషీన్ ఉండవచ్చు. బటన్లన్నీ జపనీస్‌లో చూసి కంగారు పడకండి. ఎడమవైపు పైన మొదటి బటన్ మీద ఎక్కువ చోట్ల ఆ కొట్టు గర్వంగా పెట్టే గిన్నె ఉంటుంది. మొదటి రోజు అదే నొక్కండి. జేబులో వెయ్యి యెన్ నోట్లు, చిల్లర ఉంచుకోండి. పది వేల నోటు తీసుకోని మెషీన్లు చాలా ఉన్నాయి. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చినప్పుడు చిన్న కొట్లకు ఇదొక పెద్ద భారమైంది. మెషీన్ మార్చడానికి డబ్బు లేక, కొత్త నోటు ఇస్తే పాత నోటు చేతికిచ్చి మెషీన్‌లో వేసుకోమన్న కొట్లు నేను చూశాను. ముందు టికెట్ తీసుకుని వరసలో నిలబడాలా, వరసలో నిలబడి తర్వాత తీసుకోవాలా అనేది కొట్టుని బట్టి ఉంటుంది. మీ ముందున్నాయన ఏం చేస్తున్నాడో చూడండి, అదే చేయండి.

టికెట్ బల్ల మీద పెట్టగానే కొన్ని చోట్ల ఒక ప్రశ్న వస్తుంది. 1974లో యొకోహామాలో 'యోషిమురాయా'తో మొదలైన 'ఇఎకెయ్' తరహా కొట్లలో నూడుల్స్ గట్టిదనం, పులుసు రుచి తీవ్రత, నూనె, ఈ మూడూ మన ఇష్టానికి మార్చుకోవచ్చు. మీకు ప్రశ్న అర్థం కాకపోయినా "ఫుత్సూ దే" అనండి. మామూలుగా చెయ్యండి అని అర్థం. వాళ్ళ మామూలు రుచి తెలిశాకే మార్పులు. హకాతా తరహా తోన్‌కోత్సు కొట్లలో 'కాఎదామా' అని ఇంకో ముద్ద నూడుల్స్ విడిగా అడగవచ్చు. అక్కడి నూడుల్స్ సన్నంగా, తక్కువ నీటితో కలిపిన పిండితో ఉంటాయి. ఒకేసారి ఎక్కువ వేస్తే తినేలోపు నానిపోతాయి కాబట్టి ఆ పద్ధతి వచ్చింది. అడగాలనుకుంటే పులుసు తాగేయకుండా మిగుల్చుకోండి.

గిన్నె వచ్చింది. ఒక ఫోటో తీసుకోండి, చాలు. ముందు రెండు చెంచాల పులుసు ఏమీ కలపకుండా తాగండి. ఇది నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే మన చేయి తిన్నగా కారం డబ్బా వైపు వెళ్తుంది. బల్ల మీద మిరియాల పొడి, మిరప నూనె, వెనిగర్, వెల్లుల్లి ఉంటాయి. అవి వాడుకోవడానికే పెట్టారు, సగం తిన్నాక వాడండి. కానీ బ్యాగులోంచి మన కారప్పొడి తీసి కలపడం మాత్రం వద్దు. అంతసేపు మరిగించిన మనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

జుర్రుకుంటూ తినడం తప్పు కాదు. గాలితో కలిసి లోపలికి వెళ్తే వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకి అందుతుంది. చప్పుడు చెయ్యకుండా తినమని చిన్నప్పటి నుంచి విన్న మనకు అది అంత తొందరగా రాదు. రాకపోతే మానేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. తొందరగా తినడం మాత్రం నేర్చుకోండి. నూడుల్స్ నానిపోతాయి, బయట ఇంకొకరు నిలబడి ఉంటారు.

తిన్నాక చేసే పని మీద మీ భవిష్యత్తు చాలా ఆధారపడి ఉంది. గిన్నె, గ్లాసు బల్ల పై అంచు మీదకు ఎత్తి పెట్టండి. పక్కన మడిచి ఉన్న గుడ్డతో మీ ముందున్న జాగా తుడవండి. కొన్ని కొట్లలో గిన్నె కదపొద్దంటారు, అది కూడా పక్కవాళ్ళని చూస్తే తెలుస్తుంది. లేచి నిలబడి, వండే మనిషి వైపు తిరిగి, వినబడేలా "గొచిసోసమా దేష్‌తా" అనండి. కడుపు నిండా పెట్టారు అని కృతజ్ఞత చెప్పే మాట అది. ఫోన్ చూస్తూ గొణగకండి. టిప్ ఇవ్వకండి, వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగి ఇచ్చేస్తారు.

మూడో మెట్టు: మొదటి మూడు నెలలు

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఒక వారంలో నాలుగుసార్లు వెళ్ళి, తర్వాత రెండు నెలలు కనపడరు. అలా వెళ్తే ఎవరికీ గుర్తుండదు. వారంలో ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోండి. నాది గురువారం రాత్రి. ఎనిమిదిన్నరకు భోజనాల రద్దీ తగ్గి, ఆయన చేతికి కాస్త తెరిపి దొరుకుతుంది. మధ్యాహ్నం వెళ్ళేవాళ్ళయితే 12 నుంచి 1 వరకు ఆ చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళకి వదిలేయండి. ఒకటిన్నర దాటాక వెళ్ళండి.

వారానికి ఒకసారి అనడానికి ఇంకో కారణం ఉప్పు. పులుసంతా తాగితే ఒక్క గిన్నెలో 5, 6 గ్రాముల ఉప్పు సులువుగా లోపలికి వెళ్తుంది, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. జపాన్ ఆరోగ్య శాఖ పెద్దవాళ్ళకు పెట్టిన లక్ష్యం రోజు మొత్తానికి మగవాళ్ళకు 7.5 గ్రాములు, ఆడవాళ్ళకు 6.5 గ్రాముల లోపు. మన ఇళ్ళలో బీపీ, షుగర్ లేని కుటుంబం అరుదు. పులుసు వదిలేయడం అమర్యాద కాదు, జపనీయులే చాలామంది వదిలేస్తారు. ఇరవై ఏళ్ళు ఆ కొట్టుకి వెళ్ళాలనుకునే మనిషి ఒంటిని కూడా అంతకాలం కాపాడుకోవాలి కదా.

మొదటి నాలుగైదుసార్లు అదే గిన్నె తినండి. విసుగనిపించినా సరే. కొట్టువాళ్ళకు ముందు గుర్తుండేది మన మొహం కాదు, మన ఆర్డర్. గోడ పక్క స్టూలు, షోయు, ఉడికించి సాస్‌లో ఊరబెట్టిన గుడ్డు అదనంగా, నూడుల్స్ గట్టిగా. ఇలా ఒక గుర్తు పడుతుంది, ఆ గుర్తుకి తర్వాత మొహం అతుక్కుంటుంది. అది పడ్డాక అప్పుడప్పుడు ఒక్కటి మార్చండి. ఆ రోజు ఆయన టికెట్ చూసి ఒక్క క్షణం ఆగి మీ వైపు చూస్తాడు. నా విషయంలో అది పదకొండో వారం జరిగింది. షోయు బదులు షియో టికెట్ పెట్టాను. ఆయన దాన్ని పట్టుకుని "ఈరోజు షియోనా?" అన్నారు. అంతకు ముందు పదిసార్లు నన్ను చూసినట్టు కూడా కనపడలేదు ఆయన.

'ఎప్పటిదే' అనడానికి జపనీస్‌లో "ఇత్సుమో నో" అంటారు. ఆ మాట మీరు ముందు అనకండి, ఎన్నేళ్ళయినా సరే. ఒకరోజు వాళ్ళే "ఇత్సుమో నో?" అని అడుగుతారు, అప్పుడు తల ఊపండి. చనువు వాళ్ళివ్వాలి, మనం తీసుకోకూడదు.

నాలుగో మెట్టు: మాట కలపడం

ఆయన్ని పేరు పెట్టి పిలవొద్దు. 'తాయిషో' అనండి, చాలా చోట్ల వండే యజమానిని పిలిచే పిలుపు అదే. మీ పేటలో ఇతరులు 'మాస్టర్' అని పిలుస్తుంటే అదే పిలవండి. ఆయన భార్యని 'ఓకుసాన్' అంటే మర్యాదగా ఉంటుంది.

మాట్లాడే వేళ చూసుకోండి. పొయ్యి మీద టైమర్ తిరుగుతున్నప్పుడు, ఆయన జల్లెడ బుట్ట ఎత్తి నూడుల్స్ నీళ్ళు విదిలిస్తున్నప్పుడు ఒక్క మాట కూడా వద్దు. పక్కన స్టూళ్ళు ఖాళీ అయి, ఆయన బల్ల తుడుస్తూ ఉంటే అప్పుడు. మొదటి మాట "ఈరోజు చాలా చలిగా ఉంది కదా" అన్నా చాలు. తర్వాత తిండి గురించి అడగండి. కొట్టు బయట ప్లాస్టిక్ ట్రేలు పేర్చి ఉంటాయి, వాటి మీద నూడుల్స్ తయారీదారు పేరు ఉంటుంది. అసకుసా కైకారో లాంటి పేరు అక్కడ కనిపిస్తే, ఆ పేరు చదివి "నూడుల్స్ అక్కడివేనా?" అని అడిగి చూడండి. ఆ ట్రేలని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్న మనిషిని ఆయన మర్చిపోరు.

అడగకూడనివి కూడా ఉన్నాయి. సాస్ పాళ్ళు, రోజుకి ఎన్ని గిన్నెలు అమ్ముతారు, అద్దె ఎంత. మన దగ్గర ఇవి మామూలు ప్రశ్నలే, ఆప్యాయతతోనే అడుగుతాం. ఇక్కడ అవి ఇంట్లో గది తలుపు తీసినట్టుంటాయి. ఇంకొకటి, రుచి రోజూ ఒకేలా ఉండదు. ఎముకలు, వాతావరణం, మరిగిన సేపు, అన్నీ పులుసులో తెలుస్తాయి. ఈ తేడాని 'బురె' అంటారు. ఒకరోజు పలచగా అనిపిస్తే మనసులో పెట్టుకోండి. అద్భుతంగా అనిపించిన రోజు మాత్రం తప్పకుండా చెప్పండి. "ఈరోజు పులుసు ఇంకా బాగుంది" అన్న మాట ఆయన్ని ఎంత సంతోషపెడుతుందో నేను కళ్ళారా చూశాను. ఎందుకంటే ఆ తేడా ఆయనకీ తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకుంటాడు.

ఎక్కడి నుంచి వచ్చారని అడుగుతారు. ఇండియా అనగానే కూర గురించి మాట్లాడతారు. దానికి విసుక్కోకండి. మా వైపు మూడు పూటలా అన్నమే తింటామనీ, చింతపండు పులుసు పెట్టుకుంటామనీ చెప్పండి. మా తాయిషోకి చారు సంగతి చెప్పినప్పుడు, పులుపు దేని నుంచి వస్తుంది, ఎంతసేపు మరిగిస్తారు అని పది నిమిషాలు అడిగారు. పులుసు కాచే మనిషితో మాట్లాడటానికి పులుసు కన్నా మంచి విషయం లేదు.

సెలవులకు ఇంటికెళ్ళి వచ్చినప్పుడు చిన్న కానుక తేవచ్చు. కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్ తేవాలి, చేత్తో చేసింది కాదు. మా అమ్మ చేసిన సున్నుండలు ఇవ్వాలని ఎంత ఉన్నా ఇవ్వలేదు. బయటివాళ్ళు ఇంట్లో చేసింది తినాలంటే వాళ్ళు సంకోచిస్తారు, కాదనలేక ఇబ్బంది పడతారు. అరకు కాఫీ పొడి ప్యాకెట్ తెచ్చాను, అది బాగా కుదిరింది. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో, తినడం అయ్యాక, వెళ్ళిపోయే ముందు ఇవ్వండి. ముందే ఇస్తే ఆరోజు గిన్నెలో ఏదో ఒకటి అదనంగా వేయాలన్న బరువు వాళ్ళ మీద పడుతుంది.

ఐదో మెట్టు: మనవాళ్ళని తీసుకెళ్ళడం

ఒకరిని తీసుకెళ్ళండి, ఇద్దరు గరిష్ఠం. తొమ్మిది స్టూళ్ళ కొట్టుకి ఆరుగురం కలిసి వెళ్తే అది దండయాత్రే. తలా ఒక గిన్నె తీసుకోవాలి. ఇద్దరికీ కలిపి ఒకటి తీసుకుని పంచుకోవడం మన ప్రేమ, కానీ ఆ కొట్టుకి అది ఒక స్టూలు నష్టం. ఒకరు వరసలో నిలబడి మిగతావాళ్ళు ఆఖర్న వచ్చి చేరడం కూడా తప్పే. తిన్నాక కబుర్లు బయటికొచ్చి, కాఫీ షాపులో చెప్పుకోండి.

ఈ విషయంలో నాకో తప్పు జరిగింది. రెండో ఏడు, ఆఫీసు స్నేహితులు నలుగురిని శుక్రవారం ఏడింటికి తీసుకెళ్ళాను. మా మాటలు పెరిగాయి, తినడం అయ్యాక కూడా పావుగంట కూర్చున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. లేచి చూస్తే తలుపు బయట చలిలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. నేను గురువారాలు పక్క స్టూల్లో చూసే మనిషే. మరుసటి గురువారం ఆయన పక్కన కూర్చున్నప్పుడు క్షమించమని చెప్పాను. ఆయన తల ఊపి, నీళ్ళ జగ్గు నా వైపు జరిపారు. ఆ తర్వాత రద్దీ వేళ నేను ఒక్కడినే వెళ్ళినా, బయట జనం కనిపిస్తే తినగానే లేచిపోతాను. ఫోన్ బయటికి తియ్యను.

చిన్న పిల్లలతో వెళ్ళాలంటే ముందు ఒకరోజు మీరొక్కరే వెళ్ళినప్పుడు అడగండి. కొన్ని చోట్ల ఎత్తు స్టూళ్ళు, వేడి పులుసు వల్ల వద్దంటారు. సరేనన్నచోట చిన్న గిన్నె, ఫోర్కు వాళ్ళే ఇస్తారు.

ఆరో మెట్టు: కష్టకాలంలో వెళ్ళడం

గట్టిగా వానపడే రోజు, తుఫాను మర్నాడు, ఆగస్టు ఎండల్లో వెళ్ళండి. వేడి పులుసు కొట్టుకి ఎండాకాలం గడ్డుకాలం. అందుకే చాలా కొట్లు 'హియాషి చూకా' అనే చల్లటి నూడుల్స్ మొదలుపెట్టామని కాగితం అతికిస్తాయి. ఆ కాగితం చూసిన వారమే ఒకసారి తినండి. అప్పుడప్పుడు కొన్నాళ్ళకోసం పెట్టే ప్రత్యేక గిన్నెలు కూడా అంతే. అవి ఆయన సరదా పడి చేసేవి, ఎవరో ఒకరు తింటేనే ఇంకొకటి ఆలోచిస్తాడు.

ధర పెరిగినప్పుడు మొహం చిట్లించకండి. ఒక గిన్నె వెయ్యి యెన్ దాటితే జనం కొనరని ఇక్కడ ఎప్పటి నుంచో ఒక భయం ఉంది, దాన్ని 'వెయ్యి యెన్ గోడ' అంటారు. పిండి, మాంసం, గ్యాసు ధరలు పెరిగినా ఆ గోడకి భయపడి లాభం తగ్గించుకున్న చిన్న కొట్లు ఎన్నో. మా కొట్టులో యాభై యెన్ పెంచిన రోజు టికెట్ మెషీన్ మీద చేత్తో రాసిన క్షమాపణ కాగితం అతికించి ఉంది. ఆ రోజు నేను ఒక గుడ్డు అదనంగా తీసుకున్నాను.

నెట్‌లో రివ్యూ రాయాలనిపిస్తే ముందు అడగండి. ఇద్దరే నడిపే కొట్టుకి ఒక్కసారిగా జనం ఎగబడటం వరమని అనుకోవద్దు. వాళ్ళు వద్దంటే మానేయండి.

అయ్యారని ఎలా తెలుస్తుంది

చప్పుడు లేకుండా తెలుస్తుంది. మామూలుగా వెళ్ళిపోయేటప్పుడు "అరిగాతో గొజాయ్‌మాష్‌తా" అని థాంక్స్ చెప్తారు. ఒకరోజు దాని ముందు "ఇత్సుమో" చేరుతుంది, 'ఎప్పుడూ వస్తున్నందుకు' అని. లేదా "మాయ్‌దో" అంటారు, 'ప్రతిసారీ వస్తున్నందుకు' అనే అర్థంలోనే. మీ స్టూలు ముందు మీరు కూర్చునేలోపే నీళ్ళ గ్లాసు ఉంటుంది. ఒక వారం మానేస్తే తర్వాతి వారం "జలుబు చేసిందా?" అని అడుగుతారు. కొత్త ఏడాది మొదటిసారి వెళ్ళినప్పుడు, ఈ ఏడు కూడా దయ ఉంచండి అని వాళ్ళే ముందు తల వంచుతారు.

ఎప్పుడైనా అడగని ముక్క ఒకటి గిన్నెలో కనిపిస్తుంది. పక్కవాళ్ళకు వినబడేలా థాంక్స్ చెప్పకండి, వాళ్ళ గిన్నెలో అది లేదు. తాయిషో వైపు చూసి తల వంచండి, మొత్తం తినేయండి. తర్వాతి వారం దాని కోసం చూడకండి.

వెళ్ళిపోవలసి వస్తే

మనలో చాలామందికి ఈ రోజు వస్తుంది. వీసా, ఉద్యోగం, అమ్మానాన్నల వయసు, ఏదో ఒకటి. ఆఖరి రోజు తినేసి, వెళ్ళిపోయేటప్పుడు చెప్పకండి. అప్పుడు చెప్తే వాళ్ళకి తిరిగి ఏమీ చేసే వీలుండదు, తలుపు దగ్గర తడబడతారు. ఒక వారం ముందే చెప్పండి. "వచ్చే గురువారం ఆఖరు" అంటే చాలు.

ఆ గురువారం ఎప్పటి వేళకే వెళ్ళండి. ఎప్పటి బటనే నొక్కండి. ఫోటో కావాలనుకుంటే అందరూ వెళ్ళిపోయాక అడగండి. ఆరోజు మాత్రం పులుసు మొత్తం తాగండి. గిన్నె పైకెత్తి పెట్టి, బల్ల తుడిచి, గుడ్డని మడతపెట్టి దాని చోట ఉంచండి.